తప్పిన దెబ్బకూ చోటుండాలి

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో గాలి వాసనే మారిపోతుంది. వేల్పూర్ వైపు ఏ దారిన పోయినా చేలల్లో పసుపు తవ్వుతూ కనిపిస్తారు. మృగశిర వానలకు నాటిన దుంప ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఊరి, జనవరి నుంచి మార్చి దాకా బయటికి వస్తుంది. తవ్వగానే పని అయిపోదు. అసలు హడావుడి అప్పుడే మొదలవుతుంది. తవ్విన పసుపును రెండు మూడు రోజుల్లో ఉడకబెట్టాలి. ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికాక నురగ పొంగి, తెల్లటి ఆవిరితో పాటు ఆ ఘాటు వాసన లేస్తుంది. అప్పుడు దించి ఎండబోస్తారు. పచ్చి పసుపు సుమారు అయిదు క్వింటాళ్లు ఉడికి ఎండితే మిగిలేది ఒక క్వింటాలు.

ఉడుకు ఎక్కువైతే రంగు చెడుతుంది. తక్కువైతే కొమ్ము పెళుసుబారి విరుగుతుంది. అంటే ఏడాది కష్టానికి వచ్చే ధర ఆ గంటసేపు మంట నిలకడగా ఉండటం మీద ఆధారపడుతుంది. పెద్ద కడాయిల చోట ఇప్పుడు చాలామంది ఆవిరి బాయిలర్లు తెచ్చుకున్నారు. వాటితో సమయం, వంటచెరకు రెండూ కలిసొస్తాయి. కానీ బాయిలర్ పొయ్యి అడిగేదీ కట్టెలనే. ఎండు ఆకు, చెత్త వేస్తే మంట భగ్గున లేచి చప్పున చల్లారుతుంది. నిలకడగా మండాలంటే బాగా ఎండిన, ఒకే లావున చీల్చిన కట్టె కావాలి. ఆ కట్టెను చీల్చడానికి గొడ్డలి పట్టే మనిషి కావాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది.

ఒకప్పుడు ఇంటింటా కట్టెల పొయ్యి ఉండేది. రోజూ పొద్దున్నే నాలుగు మొద్దులు పగలగొట్టందే నీళ్ల కాగు కాగేది కాదు. 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం ఊళ్లలో వంటింటికి గ్యాస్ సిలిండర్ తెచ్చాయి. ఆడవాళ్లకు పొగ బాధ తగ్గింది. మంచిదే. వేల్పూర్ మండలంలో ఇంకో మంచి కూడా జరిగింది. వంద రోజుల ఉద్యమం తర్వాత 2001 అక్టోబరు 2న దాన్ని బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. పొలాల్లో ఉండాల్సి వచ్చిన పిల్లలు బడికి వెళ్లారు. ఆ పిల్లలు ఇప్పుడు ముప్పై దాటిన గృహస్థులు. చదువుకున్నారు, బండి నడుపుతారు, సెల్‌ఫోన్‌లో మార్కెట్ ధర చూస్తారు. కానీ పసుపు ఉడకబెట్టే కాలం వచ్చి, కూలీ దొరక్క, తామే గొడ్డలి పట్టాల్సి వస్తే... చాలామందికి అది కొత్త పనే. తాతలకు ఒంటికి అలవాటైన పనిని వీళ్లు పెద్దయ్యాక, మొదటి అక్షరం నుంచి నేర్చుకోవాలి.

నేర్చుకోవచ్చు. సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే ముందుగా ఒక మాట మనసుకు పట్టించుకోవాలి. కట్టె చీల్చడం బలం చూపించే పని కాదు. ప్రతి పది దెబ్బల్లో ఒకటైనా గురి తప్పుతుందని ఒప్పుకుని, ఆ తప్పిన దెబ్బకు కూడా ముందే ఒక చోటు చూపించి నిలబడే పని. ఆ చోటు మొద్దు కావాలి, మట్టి కావాలి. మోకాలు కాకూడదు.

గొడ్డలి సంగతి

కొత్తవాళ్లు చేసే మొదటి పని ఇంట్లో ఉన్న అతి బరువైన గొడ్డలిని ఎంచుకోవడం. బరువుంటే మొద్దు తొందరగా పగులుతుందని ఆశ. బడిలో చదివిన లెక్క ఒకటి ఇక్కడ పనికొస్తుంది. గొడ్డలి బరువు రెట్టింపయితే దెబ్బలో శక్తి రెట్టింపవుతుంది. వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. కాబట్టి చేతికి లొంగే కిలోన్నర గొడ్డలి సాఫీగా దిగితే, చేతులు వణికించే మూడు కిలోల గొడ్డలి కంటే బాగా పనిచేస్తుంది. అదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. గురి తప్పితే కాలిలోకి దిగేదీ ఆ నాలుగింతల శక్తే.

పని మొదలుపెట్టే ముందు గొడ్డలి తల కదులుతుందేమో చూడాలి. కామ పట్టుకుని తలను అటూ ఇటూ ఊపితే తెలిసిపోతుంది. ఏమాత్రం కదిలినా ఆ రోజు పని ఆపి కొత్త చీల కొట్టించాలి. కొందరు గొడ్డలిని రాత్రంతా నీళ్ల బకెట్లో ముంచి ఉంచుతారు. కామ ఉబ్బి బిగుస్తుంది, నిజమే. ఎండకు ఆరగానే మళ్లీ కుంచించుకుని ముందుకన్నా వదులవుతుంది. అప్పుడు తల ఊడి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కామకు నిలువునా పగులు కనిపించినా అంతే, గుడ్డ చుట్టి సరిపెట్టుకోకూడదు. వడ్లాయన దగ్గరికి పోవాలి.

మొండి గొడ్డలితో దెబ్బ తగలదని కొందరి భరోసా. ఇది తలకిందుల లెక్క. పదును లేని గొడ్డలి కట్టెలో దిగకుండా జారుతుంది, ఎగురుతుంది. అందుకే అది ఎక్కువ ప్రమాదం. మంగలి కత్తిలా ఉండనక్కర్లేదు. కట్టెను తాకగానే కరుచుకునేంత పదును చాలు.

నిలబడే చోటు

మొద్దును నేల మీద పెట్టి కొట్టకూడదు. గొడ్డలి రాయికి తగిలి వాదర పోతుంది. కాలికీ రక్షణ ఉండదు. మోకాలి ఎత్తుకు కొంచెం తక్కువగా, వెడల్పాటి దిమ్మె ఒకటి కావాలి. అది కదలకుండా చదునైన నేల మీద కూర్చోవాలి. చీల్చాల్సిన మొద్దును దిమ్మె మధ్యలో కాకుండా, అవతలి అంచు వైపు నిలబెట్టాలి. ఎందుకంటే దెబ్బ కురచగా పడితే గొడ్డలి దిమ్మె మీదే ఆగిపోతుంది, మన వైపు రాదు. తప్పిన దెబ్బకు చోటు చూపించడమంటే ఇదే.

తర్వాత దూరం. చేతులు పూర్తిగా చాచి గొడ్డలి వాదరను మొద్దు మీద ఆనించి చూడాలి. అక్కడే కాళ్లు నిలపాలి. రెండు పాదాలూ భుజాలంత ఎడంగా, సమానంగా ఉండాలి. ఒక కాలు ముందుకు పెట్టడం చాలామందికి అలవాటు. తప్పిన గొడ్డలికి ఆ ముందున్న కాలే దొరుకుతుంది. దెబ్బ దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచితే గొడ్డలి తిన్నగా కిందికి దిగుతుంది. నిటారుగా బిగుసుకుని కొడితే అది వృత్తంలా తిరిగి ముంగాలు వైపు వస్తుంది. కామ పొట్టిదైతే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పొట్టి గొడ్డలి తేలికని పిల్లాడి చేతికి ఇచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పైనా చుట్టూ ఒకసారి చూసుకోవాలి. బట్టలు ఆరేసే తీగ, వేప కొమ్మ, పందిరి గుంజ... పైకెత్తిన గొడ్డలికి ఏది తగిలినా దెబ్బ దారి తప్పుతుంది. మనుషులు కనీసం నాలుగు బారల దూరంలో ఉండాలి. పేళ్లు ఎగిరేది ముందుకే కాదు, పక్కలకు కూడా. పిల్లలకు ఈ పని భలే తమాషా. కాబట్టి వాళ్లు వెనక నుంచి పరుగెత్తుకొచ్చే వీలు లేకుండా, గోడకు వీపు పెట్టి నిలబడటం కాస్త నయం. గోడకూ మనకూ మధ్య గొడ్డలి తిరిగేంత చోటు మాత్రం ఉంచుకోవాలి.

చెప్పులతో, ఉత్త కాళ్లతో ఈ పని చేయొద్దు. గట్టి బూట్లు వేసుకోవాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. లుంగీ కట్టినవాళ్లు ప్యాంటు వేసుకోవాలి. మెడలో వేలాడే తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. కల్లు తాగే అలవాటున్నవాళ్లు పని అయ్యాకే తాగాలి. ముందు ఒక్క గుక్క కూడా వద్దు.

కట్టెను చదవాలి

ఊళ్లో తల పండిన మనిషి ఎవరైనా పక్కన నిలబడితే పాఠం ఇలా మొదలవుతుంది.

“ముందుగాల మొద్దు దిక్కు సూడు బిడ్డా, గొడ్డలి దిక్కు గాదు. నీ సూపు ఏడుంటే దెబ్బ గాడ్నే పడ్తది.”

“జోరుగ కొట్టకుంటె పగుల్తదా తాతా?”

“గొడ్డలి బరువే కొడ్తది. నువ్వు తొవ్వ సూపెట్టాలె, గంతే.”

ఆ తొవ్వ మొద్దు మీదే రాసి ఉంటుంది. కోసిన ముఖాన్ని పరిశీలిస్తే మధ్య నుంచి అంచుకు సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. అవే దారులు. ఆ పగులు వెంబడి పడిన చిన్న దెబ్బ, అడ్డంగా పడిన పది పెద్ద దెబ్బలతో సమానం. కణుపు ఉన్న చోట నార మెలిపడి ఉంటుంది. దాని మీద కొట్టకూడదు, పక్క నుంచి దారి వెతకాలి. మరీ లావైన మొద్దును నడిమికి చీల్చాలని పంతం పట్టకూడదు. అంచుల నుంచి పేళ్లు తీసుకుంటూ రావాలి. చుట్టూ తీశాక మధ్యలోది తానే చిన్నదవుతుంది.

చెట్టు చెట్టుకూ గుణం మారుతుంది. నల్లతుమ్మ బరువైన కట్టె, బాగా మండుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే చీల్చుకుంటే సుఖం, ఎండితే రాయిలా బిగుస్తుంది. నీలగిరి కూడా కోసిన కొత్తలోనే బాగా చీలుతుంది. చింత మొద్దు నార అల్లుకుపోయి ఉంటుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది. మామిడి మెత్తన, చేతికి అలవాటయ్యే దాకా సాధన చేయడానికి బాగుంటుంది.

దెబ్బ వేసేటప్పుడు ఒక చేయి కామ చివరన, రెండోది తల దగ్గర ఉంటుంది. గొడ్డలి పైకి లేచి దిగుతుంటే తల దగ్గరున్న చేయి కామ మీదుగా జారి మొదటి చేతిని కలుసుకోవాలి. ఈ జారుడు వస్తే సగం పని వచ్చినట్టే. రానంత సేపూ సగం ఎత్తు నుంచే కొట్టాలి. గురి కుదిరాకే ఎత్తు పెంచాలి.

గొడ్డలి మొద్దులో ఇరుక్కుంటే పక్కలకు మెలితిప్పకూడదు, కామ విరుగుతుంది. కామ చివరను పైకీ కిందికీ కదిపితే వదులుతుంది. ఇరుక్కున్న గొడ్డలి తల మీద ఇంకో గొడ్డలితో బాదడం మహా తప్పు. ఇనుప ముక్క లేచి కంట్లో పడుతుంది. ఇనుప చీల పెట్టి సమ్మెటతో కొట్టడం వేరు, అది అందుకోసమే చేసింది. ఆ చీల తల కూడా దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు అరగదీయించాకే వాడాలి.

ఇక మన దగ్గర అందరూ చేసే అతి పెద్ద పొరపాటు... చిన్న కట్టెను చేత్తోనో కాలి బొటనవేలితోనో పట్టుకుని కొట్టడం! “ఇన్నాళ్లూ ఏం కాలేదు కదా” అంటారు. అయ్యేదాకా అందరికీ ఏం కాదు. కట్టె నిలబడకపోతే పాత టైరు ఒకటి దిమ్మె మీద పెట్టి అందులో నిలబెట్టండి. చీలిన పేళ్లు కూడా ఎగరకుండా అందులోనే ఉంటాయి. పుల్లల్లాంటివి అయితే చేత్తోనే విరవండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

చెట్టును పడగొట్టడం మాత్రం కొత్తవాళ్ల పని కాదు. మోటారు రంపమూ అంతే. చెట్టు పడే దిక్కు, దాని దారిలో ఉన్న కరెంటు తీగ, ఆరితేరినవాళ్లకే తెలుస్తాయి. అదీకాక 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం సొంత పొలంలో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి అవసరమయ్యే సందర్భాలున్నాయి. ముందే అడిగి తెలుసుకోవాలి.

పసుపు ఊళ్లో గాయం

ఎంత జాగ్రత్తపడినా గాయమైతే? పసుపు పండే ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు అందరి నాలుక మీదా ఉంటుంది. గుప్పెడు పసుపు అద్దేస్తారు. గాయానికి పసుపు పెట్టడమన్నది మనకు ఎంత పాతదంటే, అమెరికాలో 1995లో ఇద్దరు పరిశోధకుల పేరిట దాని మీద పేటెంట్ ఇస్తే మన సీఎస్ఐఆర్ సంస్థ సవాలు చేసింది. ఇది భారతీయులకు తరతరాలుగా తెలిసిందేనని పాత గ్రంథాలు చూపించింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అప్పట్లో మనమంతా సంతోషించాం.

అయినా సరే, గొడ్డలి గాయం మీద పసుపు వేయొద్దు. చిన్న గీత వేరు, లోతుగా తెగిన కండ వేరు. పొడి వేస్తే నెత్తురు ఆగదు. పైగా డాక్టరు కుట్లు వేసే ముందు ఆ పొడి అంతా కడిగి తీయాలి. గాయం ఎంత లోతుందో, నరం తెగిందో లేదో కనిపించదు. చేయాల్సింది ఒకటే. శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి. తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకో గుడ్డ వేసి అదమాలి. నిమిషానికోసారి ఎత్తి చూడకూడదు. మనిషిని పడుకోబెట్టి, వీలైతే గాయమైన కాలో చేయో కాస్త ఎత్తులో ఉంచి, 108కి ఫోన్ చేయాలి. వేలు తెగిపడితే దాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని మంచు మీద పెట్టి తీసుకెళ్లాలి. మంచు నేరుగా తగలకూడదు. గాయం చిన్నదే అయినా ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగాలి.

అందుకే ఒంటరిగా ఈ పని చేయొద్దంటారు. కేకేస్తే వినపడేంత దూరంలో ఒక మనిషి, జేబులో ఫోను... ఈ రెండూ లేకుండా చేలో గొడ్డలి ఎత్తకూడదు.

తొందరే అసలు శత్రువు

దెబ్బ ఎక్కువగా తప్పేది ఎప్పుడు? పొద్దున్నే కాదు. సాయంత్రం, చేతులు బరువెక్కాక, “ఇంకో నాలుగు కొట్టి ఆపేద్దాం” అనుకున్నప్పుడు. కడాయి కింద మంట తగ్గుతోందని అవతల నుంచి కేకలు వేస్తుంటే, పరుగున వచ్చి కొట్టినప్పుడు. అలసిన చేయి, తొందరపడే మనసు కలిస్తే ఏ జాగ్రత్తా గుర్తుండదు. మొదటి రోజు అరగంట చాలు. చేతులు నొప్పి పెట్టడానికి ముందే ఆపాలి.

తొందర లేకుండా ఉండాలంటే కట్టె ముందే సిద్ధంగా ఉండాలి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. దాన్ని పొయ్యిలో పెడితే వేడిలో కొంత భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పసుపుకు అందేది తక్కువ, కళ్లకు పొగ ఎక్కువ. చీల్చిన కట్టె మొద్దు కన్నా త్వరగా ఆరుతుంది. కానీ దానికీ కొన్ని నెలలు కావాలి. అందుకని సంక్రాంతి తర్వాత మండాల్సిన కట్టెను అంతకుముందు ఎండాకాలంలోనే చీల్చుకోవాలి. నేలకు తగలకుండా రెండు దుంగల మీద పేర్చి, వానాకాలంలో పైన మాత్రమే కప్పాలి. పక్కలు గాలికి వదిలేయాలి. కుప్పలోంచి కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడాలి. తేళ్లకూ పాములకూ అది చల్లని ఇల్లు.

పేర్చడంలో కూడా పట్టింపులుంటాయి. చలిదేశం నార్వేలో 2013 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ టెలివిజన్ ఒక రాత్రంతా, పన్నెండు గంటలు, కట్టెల మీదే కార్యక్రమం ప్రసారం చేసింది. చీల్చడం, పేర్చడం, చివరికి గంటల తరబడి మండటం... అంతా చూపించారు. బెరడు పైకి పెట్టాలా కిందికి పెట్టాలా అని ప్రేక్షకులు రెండు పక్షాలై వాదించుకున్నారు! ఊరికి దూరంగా ఉన్న ఆ జనానికి కట్టె అంటే చలికాలపు భద్రత. పసుపు రైతుకు ఏడాది పంట రంగు.

ఏప్రిల్, మే నెలల్లో పసుపు అమ్ముడై, పొలం ఖాళీగా ఉన్నప్పుడు రోజుకో అరగంట... పొద్దుటి చల్లదనంలో, బూట్లు వేసుకుని, దిమ్మె సరిచేసుకుని. ఇంట్లో గొడ్డలి తెలిసిన పెద్దాయన ఉంటే ఆయన్ని కుర్చీ వేసి నాలుగు బారల అవతల కూర్చోబెట్టండి. ఆయన చేతులు ఇప్పుడు గొడ్డలి ఎత్తలేకపోవచ్చు. మీ కాలు ఎక్కడుందో మాత్రం ఆయన కళ్లు ఇట్టే పట్టేస్తాయి.